వార్సా: మరల కట్టిన పాతపట్టణము

1939 సెప్టెంబరు 23వ తేదీన వార్సా రేడియో కేంద్రములో ఒక యువకుడు పియానో ముందు కూర్చుండి షోపెన్ రచనలు వాయించినాడు. ఆయన పేరు వ్లాదిస్లావ్ ష్పిల్మన్. పోలండు రాజధాని అప్పటికి రెండు వారములుగా జర్మను సైన్యముల ముట్టడిలో ఉండెను. కిటికీల ఆవల గుండ్లు పడుచుండెను. అదే దినమున నగరాధ్యక్షుడు స్తెఫాన్ స్టార్జిన్స్కీ తన తుది రేడియో ప్రసంగమును చేసినాడు. ముట్టడి దినములలో ప్రజలకు ధైర్యము చెప్పిన గొంతుక ఆయనది. విద్యుచ్ఛక్తి కేంద్రము దెబ్బతినుటతో ఆనాడే ప్రసారము ఆగిపోయినది. రేడియో పెట్టెల ముందు చెవియొగ్గి కూర్చున్న కుటుంబములకు ఆ తరువాత ఏమియు వినిపించలేదు. అయిదు దినములకు నగరము లొంగిపోయినది.

ఆ పియానో వాదకుని సంగతి ఏమైనదో చివర చెప్పెదము. అంతకు ముందు ఆయన నగరమును కాలినడకను ఒకసారి చూచి రావలెను.

ఐరోపాలోని ప్రాచీన నగరములను నడచి చూచువారు సాధారణముగా గోడలలో కాలమును చదువుదురు. రోములోను, ఫ్లారెన్సులోను, ప్రాగులోను ఆ చదువు సాగును. అరిగిన రాతిమెట్టును చూచి ఎన్ని తరములవారు దానిమీద అడుగు మోపినారో ఊహింపవచ్చును. వార్సా పాతపట్టణములో ఈ చదువు పనికిరాదు. అచ్చట పదిహేడవ శతాబ్దపు రీతిలో ఇండ్లు బారులు తీరి నిలిచియున్నవి. కాని ఆ గోడలలో అధికభాగము రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత లేచినవి. మన యిండ్లలోని పెద్దలు కొందరు ఆ గోడల కంటె వయస్సులో పెద్దవారు. అట్లయినచో అది పాతపట్టణమా, లేక పాతపట్టణమునకు ప్రతిమయా? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని మనము ఒక పూట ఆ వీథులలో నడచెదము.

నడకకు ముందు కొంచెము చరిత్ర అవసరము. వార్సా విస్తులా నదికి ఎడమ గట్టున, ఎత్తైన దరిమీద, సుమారు 1300 ప్రాంతమున వెలసిన పట్టణము. పదహారవ శతాబ్ది చివర మూడవ సిగిస్మండ్ రాజు తన కొలువును క్రాకో నుండి ఇచ్చటకు మార్చుటతో దీనికి రాజధాని యోగము పట్టినది. 1795లో పొరుగు రాజ్యములు మూడును పోలండును పూర్తిగా పంచుకొనినవి. 1918 వరకు ఆ దేశము పటము మీద లేదు. మరల స్వాతంత్ర్యము వచ్చిన ఇరువది యొక్క యేండ్లకే యుద్ధము వచ్చినది.

ఆ యుద్ధములో నగరము మూడు మారులు చచ్చినది. 1939 ముట్టడిలో ఒకసారి కాలినది. 1943లో యూదుల ఘెట్టో నేలమట్టమైనది. 1944 ఆగస్టు 1వ తేదీన నగరవాసులు నాజీ సైన్యముపై తిరుగబడినారు. 63 దినములు పోరాడి అక్టోబరు 2వ తేదీన లొంగిపోయినారు. ఆ పోరాటములో లక్షన్నరకు పైగా పౌరులు మరణించినారు. మిగిలినవారిని నగరమునుండి వెళ్ళగొట్టిన పిమ్మట, ప్రత్యేక దళములు వీథి వెంబడి వీథిగా ఇండ్లకు నిప్పుపెట్టినవి. ముఖ్యమైన కట్టడములను మందుపాతరలతో పేల్చివేసినవి. పోరాటము ముగిసిన తరువాత, ఎదిరించువారు లేని నగరమును తీరికగా కూల్చినారన్నమాట. 1945 జనవరి 17వ తేదీన సోవియట్ సైన్యమును పోలిష్ సైన్యమును ప్రవేశించునప్పటికి నగరములోని కట్టడములలో సుమారు నూటికి 85 వంతులు నాశనమైనవి.

ఇక నడక ప్రారంభింతము. మనము బయలుదేరు వీథికి పోలిష్ పేరు ‘క్రకోవ్స్కియె ప్షెద్మియెశ్చియె’. మన నాలుకకు అంత సులభముగా లొంగు పేరు కాదు. క్రాకో దిక్కు శివారు అని దాని భావము. రాజకోటనుండి దక్షిణముగా సాగు మార్గము కనుక రాజమార్గమనియు వాడుక యున్నది. మనము రాజమార్గమనియే అనుకొందము.

ఈ మార్గములో పవిత్ర శిలువ దేవాలయమున్నది. లోపల ఎడమప్రక్క స్తంభములో షోపెన్ హృదయము నిక్షిప్తమై యున్నది. 1849లో ఆయన పారిస్ నగరములో మరణించినాడు. దేహమును అచ్చటనే సమాధి చేసినారు. హృదయమును ఆయన సోదరి స్వదేశమునకు తెచ్చినది. 1944 తిరుగుబాటు కాలములో దానిని ఆ స్తంభమునుండి తీసి వేరొకచోటికి తరలింపవలసి వచ్చినది. దేవాలయము ఆ పోరులో చాలవరకు శిథిలమైనది. 1945 అక్టోబరు 17వ తేదీన, షోపెన్ వర్ధంతి నాడు, ఆ హృదయమును మరల యథాస్థానమునకు చేర్చినారు. ఊరంతయు ఇటుకల గుట్టగా ఉన్న కాలములో, తలదాచుకొనుటకు పైకప్పు లేని ప్రజలు మొట్టమొదట చక్కదిద్దుకొన్న వానిలో ఇదియొకటి. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో ముందు చూడబోవునది సులభముగా అర్థమగును.

దేవాలయమునకు సమీపముననే కోపర్నికస్ విగ్రహము కనిపించును. డెన్మార్కు శిల్పి థోర్వాల్డ్‌సెన్ చేసినది; 1830లో నెలకొల్పినారు. అచ్చటి నుండి ఉత్తరముగా నడచినచో విశ్వవిద్యాలయము, ప్రభువుల సౌధములు, దేవాలయములు వరుసగా వచ్చును. ఇండ్ల ఎత్తు సమముగా ఉండును. మూడంతస్తులకు మించినవి తక్కువ. పందొమ్మిదవ శతాబ్ది చివరను ఇరువదవ శతాబ్ది మొదటను ఈ ప్రాంతపు వీథులలో కొన్ని ఇండ్లమీద అంతస్తులు పెంచినారు. ముందటి గోడలను మార్చినారు. యుద్ధము తరువాత కట్టినవారు ఆ చేర్పులను చాలచోట్ల విడిచి, అంతకు పూర్వపు రూపమునకు మరలినారు. కాబట్టి మనము చూచు వీథి 1939 నాటిది కాదు; అంతకంటె పాతది. కూలిన దాని స్థానమున దాని తాతను తెచ్చి నిలిపినారని చెప్పవచ్చును.

ఆ తాత ముఖము ఎట్లుండునో వారికి ఎట్లు తెలిసినది? ఇచ్చట ఒక చిత్రకారుని పేరు చెప్పవలెను. బెర్నార్డో బెలొట్టో వెనిస్ నగరమువాడు. ప్రసిద్ధుడైన కెనలెట్టోకు మేనల్లుడు. మేనమామ పేరును తానును వాడుకొన్నందున పోలండులో ఈయనను కూడ కెనలెట్టో అనియే పిలుతురు. కడపటి పోలిష్ రాజు స్తానిస్లావ్ అగస్టస్ ఈయనను 1768లో ఆస్థాన చిత్రకారునిగా చేసికొనినాడు. బెలొట్టో 1780లో వార్సాలోనే మరణించినాడు. ఆ నడుమ నగరపు వీథులను, సౌధములను, దేవాలయములను వరుసగా చిత్రించినాడు. రాజకోటలో ఒక గది నిండ ఆయన వార్సా దృశ్యములు 22 వ్రేలాడుచుండును. ఒక చీకటి పెట్టెలో కటకము ద్వారా ఎదుటి దృశ్యము పడునట్లు చేసి, దాని గీతలను కాగితముమీదికి ఎక్కించుకొను పద్ధతి ఆయనకు అలవాటు. అందుచేత కిటికీల లెక్కయు కప్పుల వాలును చాలవరకు సరిగా దిగినవి. నాజీలు ఈ చిత్రములను ఎత్తుకొనిపోయినారు. యుద్ధానంతరము అవి తిరిగి వచ్చినవి. రాజమార్గమును చక్కదిద్దిన శిల్పులు వానిని ఎదుట పెట్టుకొని పనిచేసినారు. అయితే చిత్రకారుడు అక్కడక్కడ చూపునకు ఇంపుగా ఉండునట్లు వాస్తవమును సవరించినాడు కూడ. అందువలన చిత్రమొక్కటియే చాలలేదు. దీనిని గురించి ముందు మరల చెప్పవలసి యున్నది.

రాజమార్గము కోట చౌకములో ముగియును. నడుమ సిగిస్మండ్ స్తంభము నిలిచియున్నది. రాజధానిని ఇచ్చటకు తెచ్చిన రాజునకు ఆయన కుమారుడు నాలుగవ వ్లాదిస్లావ్ 1644లో నిలిపించిన జ్ఞాపకచిహ్నమిది. ఎత్తు 22 మీటర్లు. పైన రాజు ఒక చేత శిలువ, ఒక చేత ఖడ్గము ధరించి నిలిచియుండును. 1944 సెప్టెంబరు ఆరంభమున స్తంభము విరిగి పడినది. కంచు రాజు గాయపడినాడు గాని నశింపలేదు. 1949లో క్రొత్త రాతిస్తంభముమీద ఆయనను మరల ఎక్కించినారు. పాత స్తంభముల తునకలను కోట ప్రక్కన గడ్డిమీద పరుండబెట్టినారు. పైన నిలిచిన దానిని చూచుటకు తలయెత్తువారు చాలమంది. ప్రక్కన పడియున్న దానిని చూచువారు తక్కువ. రెండింటిని కలిపి చూచినప్పుడే ఆ చౌకపు కథ పూర్తియగునని మా అభిప్రాయము.

ఈ చౌకము క్రిందుగా ఒక సొరంగ మార్గము పోవుచున్నది. నగరపు తూర్పు పడమరలను కలుపు ఈ బాటను 1949 జూలై 22వ తేదీన తెరచినారు. చౌకము నుండి ఆ బాటకు దిగుటకు కదలు మెట్లను అమర్చినారు. పాత నగరమును కట్టుచున్నవారు క్రొత్త కాలమును మరువలేదనుటకు ఇది నిదర్శనము. పైన పదిహేడవ శతాబ్దము, క్రింద ట్రాములు.

చౌకమునకు తూర్పున ఎఱ్ఱని పొడవాటి భవనము రాజకోట. 1791 మే 3వ తేదీన పోలండు తన రాజ్యాంగమును ఆమోదించినది ఈ కోటలోనే. 1939 సెప్టెంబరు 17వ తేదీన బాంబుల వలన కోట అంటుకొనినది. గోపురము మీది గడియారము 11 గంటల 15 నిమిషములకు ఆగిపోయినదని చెప్పుదురు. తరువాత నాజీలు లోపలి కళాఖండములను, చెక్కపనిని, పాలరాళ్ళను ఊడదీసికొనిపోయి, గోడలలో మందు కూరుటకు వేలకొలది రంధ్రములు తొలిచినారు. పేల్చుట మాత్రము 1944 వరకు ఆగినది. ఆ నడుమ జాతీయ ప్రదర్శనశాల అధిపతి స్తానిస్లావ్ లోరెన్జ్ నాయకత్వమున కొందరు ప్రాణములకు తెగించి చెక్కిన రాళ్ళను, తలుపులను, చిత్రములను, కుడ్యముల తునకలను రహస్యముగా దాచినారు. ఆ తునకలే కోటకు విత్తనములైనవి.

విత్తనము మొలకెత్తుటకు మాత్రము చాలకాలము పట్టినది. పాతపట్టణము కట్టిన తరువాత కూడ కోట స్థలము రెండు దశాబ్దములు బోసిగానే ఉండెను. రాజుల కోటను మరల కట్టుటకు ఆనాటి కమ్యూనిస్టు ప్రభుత్వమునకు అంత ఇష్టము లేదు. 1971లో తుదకు నిర్ణయము జరిగినది. ప్రజల చందాలు కుప్పలుగా వచ్చినవి. ఇతర దేశములలో స్థిరపడిన పోలిష్ వారు కూడ పంపినారు. 1974లో గోపుర గడియారమును 11 గంటల 15 నిమిషములకే మరల నడిపించినారు. 1984లో కోట సందర్శకులకు తెరువబడినది. నేడు గోడలను దగ్గరగా పరిశీలించినచో క్రొత్త పనిలో పొదిగిన పాత రాళ్ళు అక్కడక్కడ కనిపించును. పాతదానిని క్రొత్తదానిలో కలిపి దాచివేయలేదు.

కోట చౌకము నుండి ఇరుకైన వీథి పాతపట్టణములోనికి పోవును. కొలది అడుగులలో సంత యోహాను మహాదేవాలయము వచ్చును. దీని ముఖభాగము ఎఱ్ఱ ఇటుకలతో నిట్టనిలువుగా, మధ్యయుగపు మెట్లవంటి శిఖరముతో ఉండును. చూచువారు పదునాలుగవ శతాబ్దము నుండి ఇట్లే ఉన్నదనుకొందురు. వాస్తవమేమనగా 1939లో ఇట్లు లేదు. అప్పుడున్నది పందొమ్మిదవ శతాబ్దములో ఆంగ్ల గోథిక్ పద్ధతిలో అలంకరించిన ముఖభాగము. యుద్ధము తరువాత యాన్ జఖ్వాతోవిచ్ అను వాస్తుశిల్పి ఆ అలంకారమును విడిచి, ఈ ప్రాంతపు మధ్యయుగ దేవాలయములను అనుసరించి క్రొత్త ముఖమును కల్పించినాడు. ఇది పాతదానికి ప్రతి కాదు. పాతది ఇట్లు ఉండియుండవలెనని విద్వాంసుడు చేసిన ఊహ. ప్రక్కసందులోనికి తిరిగినచో గోడలో ఒక ఇనుప పట్టా బిగించి యుండును. 1944లో శత్రువుల యంత్రశకటమునకు చెందిన పట్టా అది. ఊహతో నిర్మించిన గోడలో ఊహకు ఏమాత్రము తావులేని సాక్ష్యము అది.

మరికొంత నడచినచో పాతపట్టణపు అంగడి చౌకము. పొడవు సుమారు 90 మీటర్లు, వెడల్పు 73 మీటర్లు. నాలుగు ప్రక్కల ఇరుకు ముఖములతో ఎత్తైన ఇండ్లు. పసుపు, కావి, లేత ఆకుపచ్చ వన్నెలు. గోడలమీద చిత్రములు. నడుమ కత్తియు డాలును పట్టిన మత్స్యకన్య విగ్రహము. నగరపు చిహ్నము అదియే. 1945లో ఇచ్చట నిలిచియున్నవి కొన్ని ముందటి గోడలు మాత్రమే. 1953 జూలై 22వ తేదీన మరల కట్టిన చౌకమును ప్రజలకు తెరచినారు.

ఇచ్చటికి వచ్చిన యాత్రికులకు బెలొట్టో చిత్రములను చూచి ఈ చౌకమును కట్టినారని చెప్పుట పరిపాటి. అది అందమైన కథ. కాని బెలొట్టో చిత్రించినవి ముఖ్యముగా రాజమార్గము, దాని చుట్టుప్రక్కల వీథులు, సౌధములు. అంగడి చౌకమును కట్టుటకు వేరు ఆధారము కావలసి వచ్చినది. ఆ ఆధారము ఇచ్చినవారు విద్యార్థులు.

రెండు యుద్ధముల నడుమ వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయములో ఓస్కార్ సోస్నోవ్స్కీ అను ఆచార్యుడు పోలిష్ వాస్తుశాఖను నెలకొల్పినాడు. ఆయన శిష్యులు త్రాళ్ళు, కొలబద్దలు పట్టుకొని పాత ఇండ్లను, దేవాలయములను కొలిచి పటములు వ్రాసినారు. తలుపు వెడల్పు ఎంత, కిటికీ కమ్మి ఎట్టిది, మెట్ల వంపు ఏ వైపు అను వివరములన్నియు కాగితమునకు ఎక్కినవి. అది వారికి చదువులో భాగమైన అభ్యాసము. 1939 సెప్టెంబరులో ఆ సంగ్రహమును కాపాడు యత్నములో సోస్నోవ్స్కీ గాయపడి మరణించినాడు. ఆక్రమణ కాలములో శిష్యులును సహోద్యోగులును ఆ పనిని చాటుగా సాగించినారు. 1944 తిరుగుబాటు అణగి, నగరము తగులబడుచున్న దినములలో జఖ్వాతోవిచ్ మొదలైనవారు ఆ పటముల కట్టలను నగరము దాటించి, పియోత్ర్‌కూవ్ పట్టణములోని మఠమునకు చేర్చి దాచినారు. ఇల్లు కాలుచుండగా ఇంటి పటమును మోసికొనిపోయిన మనుష్యులు వారు.

1945 ఫిబ్రవరిలో రాజధాని పునర్నిర్మాణ కార్యాలయము ఏర్పడినది. చారిత్రక కట్టడముల విభాగమునకు జఖ్వాతోవిచ్ అధిపతి. ఆనాడు వాదవివాదములు లేకపోలేదు. శిథిలములను ఉన్నది ఉన్నట్లు కాపాడవలెను గాని, పోయినదానిని మరల కట్టరాదని ఐరోపా విద్వాంసుల సిద్ధాంతము. మరల కట్టినచో అది నకలు అగును, చూచువానిని మోసగించును. ఈ సిద్ధాంతమును జఖ్వాతోవిచ్ ఎరుగనివాడు కాడు. కాలము వలన శిథిలమైన కట్టడము వేరు, ఒక జాతి గుర్తును తుడిచివేయుటకై బుద్ధిపూర్వకముగా కూల్చిన కట్టడము వేరు అని ఆయన వాదము. కూల్చినవాని సంకల్పము నెరవేరనీయకూడదు; కనుక కట్టవలెను. దేశము ఆ వాదమును స్వీకరించినది. 1980లో యునెస్కో ఈ పాతపట్టణమును ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినప్పుడు గోడల ప్రాచీనతను గాక ఈ పునర్నిర్మాణమునే గౌరవించినది. 2011లో ఆ కార్యాలయపు పత్రములను కూడ ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినారు.

అయినను మరల కట్టుటలో ఎంపిక తప్పదు. ఏ కాలపు ముఖమును నిలుపవలెను? దేనిని విడువవలెను? చౌకము వెనుక పెరళ్ళలో పూర్వము గాలి వెలుతురు లేని గదులు క్రిక్కిరిసి యుండెను. పేదలు తలదాచుకొను గదులు అవి. వానిని మరల కట్టలేదు. ముఖములు పదిహేడవ శతాబ్దమువి; లోపల స్నానపు గదులు కలిగిన ఇరువదవ శతాబ్దపు వసతులు. 1945 అక్టోబరు 26వ తేదీన వెలువడిన శాసనముచే వార్సా భూములన్నియు నగరపాలన వశమైనవి. అది లేకున్న ఇంత త్వరగా కట్టుట సాధ్యమయ్యెడిది కాదు. దానివలన తమ స్థలములను కోల్పోయినవారి వారసుల వ్యాజ్యములు దశాబ్దముల తరబడి సాగినవి. రెండును నిజములే.

చౌకమునకు ఉత్తరముగా కోటగోడ, దాని ద్వారమునకు రక్షణగా అర్ధచంద్రాకారపు బురుజు. పదహారవ శతాబ్దమున వెనిస్ శిల్పి యొకడు కట్టినది. కాలక్రమమున పనికిరానిదై, ఇండ్లలో కలిసిపోయినది. యుద్ధమునకు ముందు గోడలను కొంత వెలికితీసినారు. 1952-54లో బురుజును మరల నిలిపినారు. అందుకు కావలసిన పాత ఇటుకలు ఎచ్చటివి? వ్రొత్స్లావ్, నైసా పట్టణములలో కూలిన పాత కట్టడముల నుండి తెచ్చినవి. యుద్ధమునకు ముందు ఆ పట్టణములు జర్మనీలో ఉండెను. అచ్చటి శిథిలములు ఇచ్చటి ప్రాకారములైనవి. ఒక ఊరి గాయము మానుటకు వేరొక ఊరి చర్మమును తెచ్చి అతికినారు. కట్టుట అను పుణ్యకార్యములో కూడ ఇట్టి లెక్కలు ఉండును.

బురుజు దాటినచో కొత్తపట్టణము. కొత్త అన్నది పేరునకే; దీని వయస్సు కూడ ఆరు వందల ఏండ్లు. ఫ్రెతా వీథిలో ఒక ఇంటిముందు మన వారందరును ఆగవలెను. మరియా స్క్లొదోవ్స్కా, అనగా మేడమ్ క్యూరీ, 1867లో జన్మించిన ఇల్లు ఇది. ఇదియు 1944లో కూలి, మరల లేచినదే. మరికొంత దూరమున కొత్తపట్టణపు అంగడి చౌకములో గుమ్మటముతో సంత కజిమియెజ్ దేవాలయము కనిపించును. పదిహేడవ శతాబ్దమున తిల్మన్ వాన్ గామెరెన్ అను డచ్చి శిల్పి నిర్మించినది. తిరుగుబాటు కాలములో సన్యాసినులు దీనిని వైద్యశాలగా మార్చినారు. 1944 ఆగస్టు 31వ తేదీన బాంబులు పడి, లోపల తలదాచుకొన్న సుమారు వేయిమంది మరణించినారు. నేడు లోపల గోడలు తెల్లగా, బోసిగా ఉండును. ఎక్కువ అలంకారము చేయకపోవుటయే ఉచితమని చూచినవారికి తోచును.

పాతపట్టణమును చూచి తిరిగిపోవు యాత్రికులు సాధారణముగా ఇచ్చటితో నడకను ముగింతురు. మనము పడమరగా మరొక పావుగంట నడచి మురానువ్ అను పేటకు పోవలెను. లేనిచో మన ప్రశ్నకు సగము జవాబే దొరకును.

యుద్ధమునకు ముందు వార్సా జనాభాలో సుమారు మూడవ వంతు యూదులు. వారిలో అధికసంఖ్యాకుల నివాసము ఈ ప్రాంతము. 1940 నవంబరులో నాజీలు దీనిచుట్టు గోడ మూసి నాలుగు లక్షలకు పైగా జనమును లోపల బంధించినారు. 1942 జూలై 22వ తేదీన ఇచ్చటి ప్రజలను రైళ్ళలో త్రెబ్లింకా హత్యాశిబిరమునకు పంపుట ప్రారంభించినారు. రెండు నెలలలో రెండున్నర లక్షలకు పైగా జనమును పంపినారు. మిగిలినవారు 1943 ఏప్రిల్ 19వ తేదీన తిరుగబడినారు. ఆ తిరుగుబాటును అణచిన గుర్తుగా మే 16వ తేదీన నాజీలు యూదుల మహాప్రార్థనా మందిరమును పేల్చివేసినారు. తరువాత పేటనంతటిని ఇటుకల మైదానముగా మార్చినారు.

ఈ పేటలో పాత వీథులను మరల కట్టలేదు. శిథిలముల రాశి ఎత్తివేయుటకు సాధ్యము కానంత ఉండెను. బొహ్దాన్ లాఖెర్ట్ అను వాస్తుశిల్పి ఆ రాశిమీదనే క్రొత్త నివాసములను కట్టినాడు. ఇటుకల పొడిని కాంక్రీటులో కలిపి దిమ్మెలు చేసినారు. నేటికిని ఈ పేటలో నడచునప్పుడు కొన్ని ఇండ్లు వీథికంటె ఎత్తైన గట్టుమీద ఉండును. నాలుగైదు మెట్లు ఎక్కి లోనికి పోవలెను. ఆ గట్టు మట్టిగట్టు కాదు. ఆ మెట్లు ఎక్కునప్పుడు మన క్రింద ఉన్నది కూలిన ఇండ్లు.

పాతపట్టణపు చౌకమును తెరచిన దినము జూలై 22, త్రెబ్లింకా రైళ్ళు కదలిన దినము జూలై 22. పదునొక్క ఏండ్ల ఎడము. మొదటిది ఆనాటి ప్రభుత్వపు జాతీయ దినోత్సవము. రెండవదానితో దానికి సంబంధము లేదు. తేదీలు యాదృచ్ఛికముగా కలిసినవి. అయినను ఈ రెంటిని పక్కపక్కన పెట్టుకొని చూచినప్పుడు ఒక సంగతి తోచును. పాతపట్టణమును మరల కట్టగలుగుటకు పటములు ఉండుట ఒక్కటే కారణము కాదు. దానిని తమదని అడుగువారు మిగిలి యుండుట కూడ కారణము. మురానువ్ విషయములో అడుగవలసినవారే మిగులలేదు.

ఇప్పుడు మొదట విడిచిన కథను ముగింతము. ష్పిల్మన్ యూదుడు. 1942లో ఆయన తల్లిదండ్రులను, తోబుట్టువులను స్టావ్కి వీథి ప్రక్కనున్న రైలు ఆవరణమునుండి త్రెబ్లింకాకు తీసికొనిపోయినారు. ఒక్కరును తిరిగి రాలేదు. చివరి క్షణములో గుంపునుండి వెనుకకు లాగబడిన ష్పిల్మన్ మాత్రము మిగిలినాడు. తరువాత స్నేహితుల ఇండ్లలోను, తుదకు నిర్మానుష్యమైన నగరపు శిథిలములలోను దాగి 1945 జనవరి వరకు బ్రతికినాడు. వార్సాలో రేడియో ప్రసారములు మరల ఆరంభమైనప్పుడు ఆయన మరల పియానో ముందు కూర్చున్నాడు. 1939లో వాయించిన షోపెన్ రాత్రిగీతమునే మరల వాయించినాడు. ఆ తరువాత ఎన్నో ఏండ్లు అదే రేడియోలో పనిచేసి, 2000వ సంవత్సరములో వార్సాలోనే కన్నుమూసినాడు.

పియానో వేరు, గది వేరు. గీతము అదియే గదా! నూరేండ్ల క్రిందట వ్రాసిపెట్టిన స్వరలిపి ఉన్నది కనుక, దానిని చదివి వాయింపగల చేతులు మిగిలినవి కనుక, గీతము మరల వినిపించినది. దానిని నకలని ఎవరును అనలేదు. విద్యార్థులు కొలిచి వ్రాసిన పటములు పాతపట్టణమునకు స్వరలిపి. వానిని చదివి కట్టినవారు వాదకులు. కాబట్టి అది పాతపట్టణమా, ప్రతిమయా అను ప్రశ్నకు మా జవాబు ఇది: రాయి క్రొత్తది, పట్టణము పాతది.

అయితే ఆ గీతమును 1939లో విన్నవారిలో ఎందరు 1945లో విన్నారు? ష్పిల్మన్ ఇంటివారెవ్వరును వినలేదు. గోడకు పటము ఉండును. పాటకు స్వరలిపి ఉండును. మనిషికి అట్టిది లేదు. వార్సా చౌకములో సాయంకాలమున పావురముల నడుమ ఆడుకొను పిల్లలను చూచి సంతోషించునప్పుడు, పావుగంట దూరములో గట్టుమీది ఇండ్లకు ఎక్కు ఆ నాలుగైదు మెట్లను కూడ తలచుకొనవలెను. ఆ నగరమును నడచి చూచితిమని అప్పుడే చెప్పుకొనవచ్చును.